ఏడో పేరు

మాది చెల్పూర్. భూపాలపల్లి వైపు వస్తుంటే థర్మల్ ప్లాంటు చిమ్నీ కనిపిస్తుంది కదా, అదే మా ఊరు. మొన్న దసరా సెలవులకి ఇంటికి పోయేసరికి మా అక్క వచ్చి ఉంది. తనకిప్పుడు ఐదో నెల. ఏఎన్ఎం ఇచ్చిన ఎర్ర మాత్రలు కిటికీలో పెట్టుకుని రోజూ మర్చిపోతోంది. అమ్మ గుర్తు చేస్తే అక్క విసుక్కుంటోంది. నాకు పనేం లేక ఆ షీటు వెనక్కి తిప్పి చదివాను. ఐరన్, ఫోలిక్ యాసిడ్ అని ఉంది. ఈ ఫోలిక్ యాసిడ్ ఎవరు కనిపెట్టారా అని ఫోన్లో వెతికితే ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు వచ్చింది. స్కూల్లో జీకే బుక్కులో ఒక్క లైను చదివిన గుర్తు.

ఇంకొంచెం తవ్వితే అసలు పేపరే దొరికింది. 1945లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేశామని చెప్పే చిన్న పేపర్, కింద పదహారు మంది పేర్లు. ఆ పరిశోధన మొత్తాన్ని నడిపించిన మనిషి పేరు ఏడోది. మొదటి ఎనిమిది పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి, ఎస్ వచ్చిన చోట ఆయన ఉన్నారు. అక్షర క్రమం అనే మాట చదవగానే నాకు కొంచెం గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెప్తా.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద ఇల్లు, తండ్రి తొందరగానే పోయారు. పదమూడేళ్లప్పుడు కాశీ పోయి యాత్రికులకి అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు. (సప్లీ ఉన్నవాళ్లు ఈ లైను స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.) మామగారి సాయంతో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ పిలుపు విని ఖద్దరు గౌనుతో సర్జరీ క్లాసుకి వెళ్తే ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ కాకుండా అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ఆయన అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బుకి తర్వాత వచ్చిన మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి.

1923లో బోస్టన్ వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. మళ్లీ వస్తానని వెళ్లిన మనిషి రాలేదు. అక్కడ పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు, పగలు హార్వర్డ్‌లో చదివారు. బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి రాశారు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు ఇప్పటికీ ఉంది.

నాకు బాగా నచ్చింది దాని తర్వాతి కథ. కండరం నుంచి తీసిన ద్రావకంలో ఆ నీలం రంగు రావలసిన వేగంతో రాలేదు, మెల్లగా వచ్చింది. ఇంకొకరైతే రీడింగ్ తప్పని పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకుని వెంటపడ్డారు. కండరంలో ఏదో పదార్థం విడిపోతూ భాస్వరాన్ని కొంచెం కొంచెంగా వదులుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్లకు ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా పట్టుకున్నాడు. మన ఒంట్లో ప్రతి కదలికకీ కరెన్సీ లాంటిది అదే.

ఈ పేపర్లన్నిటి మీదా ముందు పేరు ఫిస్క్‌ది. అది పెద్ద సమస్య కాదు, ఎవరిదో ఒకరిది ముందుండాలి కదా. సమస్య బయటికి రాని పేపర్లతో. హార్వర్డ్‌లో ఆయనతో పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాట చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ మొదట్నించి కనిపెట్టాల్సి వచ్చిందట, ఎందుకంటే ఫిస్క్ అసూయతో ఆ పనిని వెలుగు చూడనివ్వలేదట. ఒకరి పేరు దాచితే ఆ ఒక్కరికే అన్యాయం అనుకునేవాణ్ణి. కానీ పేరుతో పాటు పని కూడా పెట్టెలోనే ఉండిపోయింది.

ఇంకో పక్క కూడా ఉంది. ఫిస్క్‌కి పర్మనెంట్ పోస్టు వచ్చే టైంలో ఈయనే తన వాటా తగ్గించి చెప్పారని అంటారు. చాలామంది దీన్ని గొప్ప వినయం అని రాశారు. నేనట్ల అనుకోను. ఎవరు ఏం చేశారో చెప్పేది ఆ పేర్ల లిస్టే. దురాశతో తప్పు రాసినా, మంచితనంతో తప్పు రాసినా చదివేవాడికి అందేది తప్పు సమాచారమే. హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడి ఎనిమిదేళ్లు వేగంగా గడిచాయి. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకి హెట్రజాన్ (మన ఊళ్లలో ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అదే), డగ్గర్ చేతిలో ఆరియోమైసిన్. తర్వాత ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే అమైనోప్టెరిన్. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి చూశారు. పదహారు మందిలో పదిమంది కొంతకాలమైనా కోలుకున్నారు. 1948 జూన్‌లో ఆ పేపర్ అచ్చైంది, ఐదుగురి పేర్లతో. సుబ్బారావు పేరు అందులో లేదు. చూడగానే నాకు కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఆ మందు తయారు చేసిన కెమిస్టులు 1947లోనే తమ పేర్లతో వేరే పేపర్ వేసుకున్నారు. ఫార్బర్ పేపర్ ఆస్పత్రిలో పని గురించి. మందు పంపినంత మాత్రాన ఆథర్ అవ్వరు. వైద్య పత్రికల సంపాదకుల కమిటీ ఇప్పుడు పెట్టిన రూల్స్ చూసినా అంతే: పనిలో వాటా ఉండాలి, రాయడంలో చెయ్యి ఉండాలి, చివరి కాపీ ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పాలి. నాలుగూ ఉండాలి.

ఆ పేపర్ వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో ఆయన నిద్రలోనే పోయారు. యాభై మూడేళ్లు.

ఇప్పుడు నా సంగతి. సెకండ్ ఇయర్‌లో మేం నలుగురం మిర్చి ఆకుల ఫోటోలు చూసి తెగులు గుర్తుపట్టే మోడల్ చేశాం. ఫోటోలన్నీ మాలో ఒకడు వాళ్ల చేన్లో రెండు నెలలు తిరిగి తీసినవి. కోడ్‌లో ముప్పావు వంతు వాడిదే, గిట్ హిస్టరీ తీస్తే ఏ లైను ఎవరిదో కనిపిస్తుంది. నేను చేసింది అబ్‌స్ట్రాక్ట్ రాయడం, మార్జిన్లు సర్దడం. ప్లేస్‌మెంట్లకి పనికొస్తుందని ఒక జర్నల్‌కి పంపాం. నాలుగు రోజుల్లో యాక్సెప్ట్ అయింది. రివ్యూయర్ ఒక్క ప్రశ్న అడగలేదు, ఫీజు మాత్రం అడిగారు. నలుగురం పంచుకుందాం అన్నాం. ఆ వారం వాడి దగ్గర డబ్బుల్లేవు. తర్వాత చూద్దాంలే అని ముగ్గురి పేర్లతో పంపేశాం. ముందు పేరు నాది. అక్షర క్రమం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. బాపు ఆ సర్టిఫికెట్ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టిండు.

రేపు ఎవరైనా ఆ మోడల్ గురించి ప్రశ్న అడిగితే జవాబు చెప్పగలిగేది వాడొక్కడే. ఆ పేపర్లో లేనిదీ వాడే.

దసరా నుంచి వచ్చాక వాడికి ఫోన్ చేసి చెప్పాను. ఊఁ అన్నాడు, అంతే. నాలుగో పేరు చేర్చమని జర్నల్‌కి మెయిల్ పెడితే, అచ్చైన పేపర్లో మార్పుకి వేరే ఫీజు అని జవాబు వచ్చింది. మా గ్రూపులో అడిగాను. ఒకడు తన వాటా ఇస్తానన్నాడు. ఇంకొకడి దగ్గర మెసేజ్‌కి ఇంకా నీలం టిక్కులు పడలేదు.