ఆంద్రే సిట్రోయెన్: దివాలా తీసినా నిలిచిన పేరు

ఆంద్రే సిట్రోయెన్ 1878లో పారిస్ నగరంలో ఒక వజ్రాల వర్తకుని ఇంట జన్మించారు. ఆరేళ్ల ప్రాయంలోనే తండ్రి ఆత్మహత్య చేసుకొన్నాడు. ఇంజనీరింగు చదివిన ఆంద్రే మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సెన్ నది ఒడ్డున ఫిరంగి గుండ్ల కర్మాగారం నెలకొల్పి, 1919లో అక్కడే కార్ల తయారీ ఆరంభించారు. 1925లో ఈఫిల్ టవరుపై తన పేరును విద్యుద్దీపాలతో వెలిగించిన ఘనుడాయన. పొదుపు మాత్రం ఒంటబట్టలేదు.

ఆర్థికమాంద్యం నడుస్తున్నా అప్పు మీద అప్పు చేసి 1933లో కర్మాగారాన్ని తిరిగి కట్టించారు. 1934లో ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే 'ట్రాక్సియన్ అవాఁ' కారును విడుదల చేశారు. తొందరపాటు వల్ల తొలి బళ్లలో లోపాలు బయటపడ్డాయి. ఋణదాతలు ఇక ఆగలేదు. అదే ఏడాది డిసెంబరులో కంపెనీ దివాలా తీసి కోర్టుకెక్కింది.

దివాలా తీసిన కంపెనీలన్నీ మూతబడవు. పెద్ద బాకీదారైన ఈ సంస్థను, బాకీ రావలసిన మిషెలిన్ టైర్ల కంపెనీయే స్వాధీనం చేసుకొని, ఖర్చులు తగ్గించి, పలువురు కార్మికులను తొలగించింది. కొత్త కారును మాత్రం విడువలేదు. లోపాలు సరిదిద్దుకొన్న ఆ కారు 1957 వరకు ఏడు లక్షలకు పైగా తయారైంది. ముంచిన కారే తేల్చిందని చెప్పవలె!

సర్వం పోగొట్టుకొన్న సిట్రోయెన్ 1935 జూలై 3న కడుపు క్యాన్సరుతో కన్నుమూశారు. ఆయన పేరు గల కార్లు 2021లో మన సరిహద్దు తిరువళ్ళూరు జిల్లాలోనూ తయారుకావడం మొదలైంది.