నీలగిరి ట్రౌట్ నుంచి గోదావరి పులస దాకా: ఫ్రాన్సిస్ డే కథ

కశ్మీర్‌లోని లిద్దర్ నదిలో ఇవాళ ఎవరైనా గాలం వేసి బ్రౌన్ ట్రౌట్‌ను పట్టారంటే, ఆ చేప పూర్వీకులు స్కాట్లాండ్ వాగుల్లో పుట్టినవే. మన దేశంలో ఎక్కడా ట్రౌట్ సహజంగా లేదు. సముద్రాలు దాటించి గుడ్లు తెప్పించి, పొదిగించి, వాగుల్లో వదిలితేనే అది ఇక్కడ బతికింది. ఆ ప్రయత్నానికి తొలుత పూనుకున్నది మద్రాసు సైన్యంలో పనిచేసిన ఓ డాక్టర్. ఆయన విఫలమయ్యాడు. ఆ వైఫల్యంతో ఆగిపోయి ఉంటే చరిత్రలో ఓ ఫుట్‌నోట్‌గా మిగిలేవాడు. కానీ ఫ్రాన్సిస్ డే ఆ తర్వాత మన నదుల్లో ఉన్న చేపల వైపు తిరిగాడు. వాటి గురించి ఆయన వేసిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇప్పటికీ జవాబు దొరకలేదు.

డే 1829లో ఇంగ్లాండ్‌లోని ససెక్స్‌లో, భూములున్న కుటుంబంలో పుట్టాడు. లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో వైద్యం చదివి, 1852లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాడు. మెర్కారా (నేటి మడికేరి), హైదరాబాద్ లాంటి చోట్ల పనిచేశాడు. అప్పట్లో సైనిక డాక్టర్లకు తీరిక ఎక్కువ. పక్షుల్నో మొక్కల్నో చేపల్నో పోగేయడం చాలామందికి రెండో వృత్తిలా ఉండేది. నెల్లూరులో సర్జన్‌గా ఉన్న జెర్డన్ పక్షుల పుస్తకాలతో పేరు తెచ్చుకున్నాడు. దక్షిణాది చేపల గురించీ రాశాడు. అంతకన్నా ముందు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో రెండు వందల చేపల బొమ్మలు గీయించి, 1803లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ పుస్తకంలోని చేపలకు రస్సెల్ విశాఖ జాలర్ల నోటి నుంచి విన్న తెలుగు పేర్లే పెట్టాడు. లాటిన్ పేర్లు తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు తగిలించినవి. భారతీయ మత్స్యశాస్త్రం మొదటి పేజీల్లో తెలుగు అలా ఉండిపోయింది. డే పని చేసింది ఈ పునాది మీదే.

ఆయనకు చేపల పిచ్చి పట్టింది కొచ్చిలో. 1859 నుంచి కొన్నేళ్లు అక్కడ డాక్టర్‌గా ఉండగా కొచ్చి సంస్థాన చరిత్ర మీద ఓ పుస్తకం రాశాడు. ఉదయాన్నే చేపల రేవుకు వెళ్లి కొత్తగా కనిపించిన ప్రతి చేపనూ సారాలో భద్రం చేయడం మొదలుపెట్టాడు. ఆ శ్రమ ఫలితంగా మలబారు చేపల పుస్తకం 1865లో వెలువడింది.

ట్రౌట్ ప్రయత్నం ఆ 1860ల్లోనే జరిగింది. ఊటీలో వేసవి గడిపే దొరలకు నీలగిరి వాగులను చూస్తే స్వదేశం గుర్తొచ్చేది. చల్లటి నీళ్లు, రాతి పడకలు, పొగమంచు ఉన్నాయి, ట్రౌట్ ఒక్కటే లేదు. ట్రౌట్ వేట వాళ్లకు తిండి కోసం కాదు, హోదా ఉన్న వినోదం. ఈకలతో కట్టిన దొంగ ఈగను నీటి మీద తేల్చడం ఒక పద్ధతి. తళతళలాడే లోహపు రేకు ఉన్న స్పిన్నర్‌ను ప్రవాహానికి అడ్డంగా లాగడం ఇంకో పద్ధతి. లాగుతున్నప్పుడు రేకు తన ఇరుసు చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఆ మెరుపు, ఆ ప్రకంపన చూసి గాయపడిన చిన్న చేప అనుకుని ట్రౌట్ మీదకు దూకుతుంది. బాగా పెరిగిన ట్రౌట్లు పురుగుల కన్నా చిన్న చేపల మీదే ఎక్కువ ఆధారపడతాయి కాబట్టి పెద్ద చేప కావాలనుకున్నవాళ్లు స్పిన్నర్‌నే నమ్ముకుంటారు. మన నదుల్లోని మహసీర్‌కూ ఇదే బలహీనత. దక్షిణ కెనరా కలెక్టర్‌గా పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకం రాసి, లోహపు చెంచా లాంటి ఎరతో మహసీర్‌ను పట్టే విద్యను ఓ తరానికి నేర్పాడు.

డే ఇంగ్లాండ్ నుంచి ట్రౌట్ గుడ్లు తెప్పించాడు. అవి బతకలేదు. ఎందుకు బతకవో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ట్రౌట్ గుడ్డుకు చల్లటి, శుభ్రమైన, ప్రాణవాయువు నిండిన నీరు కావాలి. కాస్త వేడి తగిలినా లోపల పిండం ముందే ఎదిగిపోతుంది, దారిలోనే పొదుగుతుంది, చచ్చిపోతుంది. సూయజ్ కాలువ 1869 దాకా తెరుచుకోలేదు. ఓడ దిగాక కూడా మైదానాల ఎండలో ఘాట్ రోడ్డు దాకా ప్రయాణం ఉంది. ఇదే కాలంలో, 1864లో, నార్‌ఫోక్ అనే ఓడలో మంచుగడ్డల మధ్య, తడి నాచులో పొదిగి పంపిన గుడ్లు మూడు నెలల ప్రయాణం తర్వాత టాస్మానియాలో పిల్లలయ్యాయి. భూగోళానికి అటు చివర ఉన్న ద్వీపానికి బతికి చేరిన చేప ఊటీకి చేరలేకపోయింది.

ట్రౌట్ సంగతి అక్కడితో వదిలేసి ఉంటే డే వేటగాళ్ల డాక్టర్‌గానే మిగిలేవాడు. ఆయన్ని అసలు పనిలోకి లాగింది మనకు బాగా తెలిసిన మనిషి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ అప్పటికి రిటైరై ఇంగ్లాండ్‌లో ఉన్నాడు. నదులకు అడ్డంగా కడుతున్న ఆనకట్టల వల్ల చేపలకు నష్టం జరుగుతోందేమో చూడాలని 1867లో ఆయనే ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. తన జీవితకాలపు కట్టడాల మీద తానే అనుమానం వ్యక్తం చేయడం ఇంజనీర్లలో అరుదు. గోదావరి జిల్లాల్లో కాటన్‌కు ఊరూరా విగ్రహం ఉంది కానీ, ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఆ విచారణ డే చేతికి వచ్చింది. మొదట మద్రాసు ప్రెసిడెన్సీ, తర్వాత ఒరిస్సా, బెంగాల్, బర్మా, ఉత్తరాది రాష్ట్రాలు. 1871లో ఆయన్ని ఇండియా మొత్తానికి మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించారు. ఆయన పద్ధతి ఓ జర్నలిస్టు పద్ధతిలా కనిపిస్తుంది. కలెక్టర్లకు, తాసీల్దార్లకు ప్రశ్నలు పంపాడు. మీ దగ్గర చేపలు తగ్గాయా? వల కన్ను ఎంత చిన్నది వాడుతున్నారు? పొలాల్లోకి నీరు వదిలేచోట చేపపిల్లల్ని పడుతున్నారా? జనంలో చేపలు తినేవాళ్లు ఎంతమంది? సంతకు సరిపడా చేప వస్తోందా? జాలర్లకు అదొక్కటే బతుకుతెరువా, వేరే పనీ ఉందా? వచ్చిన జవాబులన్నీ జిల్లాలవారీగా కూర్చి 1873లో రెండు పెద్ద నివేదికలుగా కలకత్తాలో అచ్చు వేయించాడు. ఒకటి మంచినీటి చేపలది, రెండోది సముద్రపు చేపలది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆనాటి సామాన్యుడు ఏం తిన్నాడో తెలుసుకోవాలనుకునే చరిత్రకారులకు అవి ఇప్పటికీ గని లాంటివి.

ఆనకట్టల మీద ఆయన తేల్చింది సూటిగా ఉంటుంది. సముద్రంలో బతికే పులస వరద నీటి వాసన పట్టి నదికి ఎదురీది, పైన గుడ్లు పెడుతుంది. దారిలో రాతిగోడ అడ్డొస్తే దాని పాదం దగ్గరే గుంపుగా ఆగిపోతుంది. అక్కడ వలలు సిద్ధంగా ఉంటాయి. గుడ్లు పెట్టకుండానే తల్లిచేప పట్టుబడుతుంది. ఆ ఏడాది చేపలు విరివిగా దొరికినట్టు కనిపిస్తుంది, పదేళ్లకు నది ఖాళీ అవుతుంది. ఆనకట్టల్లో చేపలు ఎక్కే మెట్లు కట్టాలని, గుడ్ల కాలంలో ఆనకట్ట కింద వేట ఆపాలని, వల కన్నుకు ఓ కనీస కొలత పెట్టాలని ఆయన కోరాడు. నీళ్లలో విషపు కాయలు దంచి కలిపి పట్టడాన్ని, వరిచేల గట్ల దగ్గర మావులు పెట్టి వేలికొసంత పిల్లల్ని కూడా ఊడ్చేయడాన్ని నిషేధించాలన్నాడు.

దీని వెనక ఆయనకు ఓ వాదన ఉంది. పూర్వం రాజుల కాలంలో చేపల రేవులు కౌలుకు ఇచ్చేవారు, కౌలుదారు తన లాభం కోసమైనా చేపను కాపాడేవాడు, కంపెనీ వచ్చాక అది ఎవరూ పట్టించుకోని ఆస్తి అయిపోయింది, ఎవరికి దొరికినంత వాళ్లు దోచుకుంటున్నారు అని. ఈ వాదనలో కొంత నిజం ఉంది, కొంత దొరతనమూ ఉంది. పాత రోజుల్లో రేవు మీద హక్కు లేని బీదవాడి గతేమిటో డే పెద్దగా ఆలోచించినట్టు కనిపించదు. మద్రాసు అధికారులు అభ్యంతరం చెప్పింది సరిగ్గా ఇక్కడే. వల కన్ను కొలిచే పని పోలీసు చేతిలో పెడితే అది లంచాల పద్దు అవుతుందని, తిండి కోసం దోసెడు చేపలు పట్టుకునే రైతుకూలీని వేధించడానికి సాకు అవుతుందని వాళ్ల భయం. 1878 అటవీ చట్టం తర్వాత అడవి అంచుల్లో జరిగింది తెలిసినవాళ్లెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయలేరు. అయితే అదే ప్రభుత్వం ఆనకట్టలో మెట్లు కట్టడానికి ఉత్సాహం చూపలేదు. దానికి పోలీసు అవసరం లేదు, కావాల్సింది డబ్బే.

ఉప్పు విషయంలో మాత్రం డే బీదవాడి పక్షాన నిలబడ్డాడు. ఉప్పు పన్ను భారం వల్ల తీరంలో జాలర్లు చేపను సరిగా ఉప్పు పట్టించలేక, సగం కుళ్లిన ఎండుచేప సంతకు వస్తోందని ఆయన నివేదించాడు. మద్రాసు తీరంలో పన్ను లేని ఉప్పుతో చేపలు ఎండబెట్టుకునే యార్డులు 1870ల్లో మొదలవడానికి ఆయన, థామస్ లాంటివాళ్లు చేసిన ఒత్తిడి ఓ కారణం. ఒక లోహపు చెంచాతో మహసీర్‌ను ఆడించే సరదాకు, ఎండుచేపలో ఉప్పు ధరకు మధ్య ఇంత దూరం ఉన్నా, ఆ ఇద్దరూ రెండింటి గురించీ రాశారు.

పర్యటనలు సాగుతుండగానే సేకరణ ఆగలేదు. ఫిషెస్ ఆఫ్ ఇండియా 1875 నుంచి 1878 దాకా భాగాలుగా లండన్‌లో వెలువడింది. దాదాపు రెండు వందల పలకల నిండా చేపల బొమ్మలు. శాస్త్రీయ నామం పక్కన తెలుగు, తమిళం, మలయాళం, ఒరియా, బెంగాలీ పేర్లు వరుసగా ఉంటాయి. కొరమేను లాంటి చేపలు నీటి పైకొచ్చి గాలి పీల్చకపోతే బతకవని ప్రయోగాలు చేసి రాశాడు. బెస్తలకు తరతరాలుగా తెలిసిన సంగతే అది. ఈ పుస్తకాన్ని కుదించి, సవరించి ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా శ్రేణిలో రెండు సంపుటాలుగా 1889లో తెచ్చారు. అందులో 1,400కు పైగా జాతులున్నాయి. తర్వాతి పరిశోధన ఎన్నో పేర్లు మార్చింది, అయినా భారతీయ చేపల మీద పనిచేసేవాళ్లు డే పేజీ తిరగేయకుండా ముందుకు వెళ్లరు.

1877లో ఆయన రిటైరై ఇంగ్లాండ్‌కు వెళ్లి చెల్టెన్‌హామ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ ఓ పాత శత్రువు ఎదురుచూస్తున్నాడు. బ్రిటిష్ మ్యూజియంలో చేపల విభాగం ఆల్బర్ట్ గుంథర్ చేతిలో ఉండేది. ఇద్దరికీ పడేది కాదు. ఆ తగువు ట్రౌట్ దగ్గర బట్టబయలైంది. మచ్చల తీరు, వెన్నుపూసల లెక్క, పేగు మొదట్లో ఉండే సన్నటి గొట్టాల సంఖ్య ఆధారంగా గుంథర్ బ్రిటన్ ట్రౌట్‌లను అనేక జాతులుగా విడదీశాడు. డే ఒప్పుకోలేదు. స్కాట్లాండ్‌లోని హోవీటౌన్ హేచరీలో పెంచిన చేపల్ని ఏళ్ల తరబడి గమనించాడు. లాక్ లెవెన్ సరస్సు ట్రౌట్‌ను వేరే నీటికి మారిస్తే దాని ప్రత్యేక లక్షణాలు చెరిగిపోయి, స్థానిక వాగు ట్రౌట్‌లా తయారవుతోందని చూశాడు. నీరు, తిండి మారితే రూపం మారుతుంది, జాతి ఒకటే అని 1887లో బ్రిటిష్, ఐరిష్ సాల్మన్ కుటుంబం మీద రాసిన పుస్తకంలో వాదించాడు. తర్వాతి కాలంలో శాస్త్రం చాలావరకు ఆయన వైపే మొగ్గింది.

ఆ వైరానికి మూల్యం చెల్లించింది మాత్రం మనమే. తన సేకరణలోని ముఖ్య భాగాన్ని డే బ్రిటిష్ మ్యూజియానికి ఇవ్వలేదు. 1883లో లండన్‌లో అంతర్జాతీయ మత్స్య ప్రదర్శన జరిగిన సందర్భంలో సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి అమ్మేశాడు. అందుకే ఓ భారతీయ నదిలో పుట్టిన చేప జాతికి మూల నమూనా చూడాలంటే మన పరిశోధకులు కొన్నిసార్లు సిడ్నీకి ఉత్తరం రాయాల్సి వస్తుంది.

డే 1889 జులై 10న క్యాన్సర్‌తో చనిపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1897లో, ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ వచ్చింది. అందులో ఆయన అడిగినవి కొన్నే ఉన్నాయి. పేలుడు పదార్థాలు, విషాలు నిషేధించారు. వల కన్ను లాంటివి ప్రాంతీయ ప్రభుత్వాల ఇష్టానికి వదిలేశారు. మద్రాసు 1905లో ఫ్రెడరిక్ నికల్సన్‌కు పని అప్పగించి, 1907లో మత్స్య బ్యూరో ఏర్పాటు చేసింది. డే దిగిపోయాక ఖాళీగా ఉన్న మూడు దశాబ్దాల్లో నదులు ఎవరి కోసమూ ఆగలేదు.

ట్రౌట్ కూడా వచ్చింది. కశ్మీర్ మహారాజు ప్రతాప్ సింగ్ హయాంలో 1899లో తెప్పించిన గుడ్లు దారిలోనే పోయాయి. 1900లో వచ్చిన రెండో విడత బతికింది. శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపే ఫ్రాంక్ మిచెల్ వాటిని సాకాడు. 1909లో అక్కడి నుంచి కులూకు వెళ్లాయి. నీలగిరుల్లో మాత్రం చివరికి నిలదొక్కుకున్నది బ్రౌన్ ట్రౌట్ కాదు, కాస్త వేడిని తట్టుకునే రెయిన్‌బో ట్రౌట్. హిమాలయ వాగుల్లో బ్రౌన్ ట్రౌట్ ఇప్పుడు స్థానిక స్నో ట్రౌట్ పిల్లల్ని తింటోందని మత్స్య శాస్త్రవేత్తల్లో ఆందోళన ఉంది. పర్యాటక శాఖలు పర్మిట్లు ఇచ్చి స్పిన్నర్లు, ఫ్లైలతో వేటకు పిలుస్తూనే ఉన్నాయి.

ఇక పులస. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా ఎదురీదిన హిల్సా గంగ ఎగువన దాదాపు కనుమరుగైంది. గోదావరిలో అది ఇప్పటికీ వరద రోజుల్లో ధవళేశ్వరం దాకా వచ్చి ఆగుతుంది. పుస్తెలమ్మైనా తినాలనే చేప కిలో వేల రూపాయలు పలకడానికి రుచి ఒక్కటే కారణం కాదు.