భాగ్యరెడ్డి వర్మ: బడి నుంచి మొదలైన ఉద్యమం

ప్రతి ఏడూ మే 22 రాగానే భాగ్యరెడ్డి వర్మ ఫొటోకు దండలు పడతాయి. ప్రభుత్వం అధికారికంగా జయంతి జరుపుతుంది, నాయకులు నాలుగు మాటలు మాట్లాడి వెళ్తారు. ఆ నాలుగు మాటల్లో ఆయన సంఘసంస్కర్త అనే మాట తప్పకుండా ఉంటుంది. ఆయన కట్టిన సంస్థల గురించి, అవి ఏం పని చేశాయన్నదాని గురించి మాత్రం పెద్దగా వినబడదు. హైదరాబాద్ దళిత ఉద్యమ చరిత్ర చదువుకుంటున్న మాకు ఆ లోటు ప్రతిసారీ తగులుతూనే ఉంటుంది. ఆయనను నిజంగా గౌరవించుకోవాలంటే ముందు ఆయన చేసిన పనిని గుర్తుచేసుకోవాలి. ఈ వ్యాసం అందుకే.

ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. పెద్ద చదువులు చదివే అవకాశం ఆ ఇంట్లో లేదు. కుర్రతనంలోనే పనికి కుదరాల్సి వచ్చింది. డాస్ శాంటోస్ అనే బారిస్టర్ ఇంట్లో పనిచేసిన రోజులు ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. అక్కడ చదువుకునే వీలు దొరికింది. ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలిసింది. ఇంటిపనికి వెళ్లిన పిల్లవాడు ఆలోచనతో బయటికొచ్చాడు.

భాగయ్య భాగ్యరెడ్డి వర్మ ఎలా అయ్యారని విద్యార్థులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. రెడ్డి అన్నది రేడు అనే మాట నుంచి వచ్చిందని, ఈ నేలను ఒకప్పుడు ఏలినవాళ్లు మనవాళ్లేనని కుటుంబ గురువు చెప్పడంతో ఆ పేరు పెట్టుకున్నారు. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. ఇవాళ ఈ రెండు పేర్లూ చూసి ఇబ్బంది పడేవాళ్లున్నారు. ఆ ఇబ్బంది మాకూ అర్థమవుతుంది. కానీ ఆ కాలం గుర్తుంచుకోవాలి. మనిషి పేరు చివర అయ్య అని పలకడానికి కూడా ఊరు ఒప్పుకోని రోజులవి. పేరు మార్చుకోవడం అంటే, తనను ఎలా పిలవాలో తానే చెప్పడం. ఆ తర్వాత ఆయన ఒక్కడి పేరుతో ఆగలేదు, జాతి మొత్తం పేరు మార్చే పని పెట్టుకున్నారు.

హరికథతో మొదలు

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి పెట్టారు. అప్పటికి అంబేడ్కర్ ఇంకా బొంబాయిలో హైస్కూలు విద్యార్థి. చదువు రాని జనానికి కరపత్రాలు పంచి లాభం లేదని ఆయనకు తెలుసు. అందుకే వాళ్లకు అలవాటైన హరికథనే ఎంచుకున్నారు. వాడల్లో రాత్రిపూట కథ చెప్పించి, ఆ కథ మధ్యలోనే చదువు గురించి, తాగుడు గురించి, పెళ్లిళ్లకు చేసే అప్పుల గురించి చెప్పించారు.

1911లో ఆ మండలి మాన్య సంఘం అయింది. తర్వాతి కాలంలో అదే ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. పేరులో సేవ ఉన్నా అది దానధర్మాల సంస్థ కాదు. వాడల్లో తగవులు తీర్చే పంచాయతీలు పెట్టింది, తాగుడు మీద ప్రచారం చేసింది. ఆడపిల్లల్ని దేవుడి పేరున జోగినులుగా, మురళీలుగా విడిచే ఆచారం మీద గట్టిగా పోరాడింది. ఆ ఆచారానికి బలయ్యేది మన వాడల పిల్లలే. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని ఊరి పెద్దలు అనుభవించే హక్కు అది. దాన్ని ఆపమని నిజాం ప్రభుత్వం మీద సంఘం ఒత్తిడి తెచ్చింది.

ఇరవై ఆరు బడులు

మా దృష్టిలో ఆయన పనులన్నింటిలోకీ పెద్దది బడులు పెట్టడం. 1910లో ఇసామియా బజార్, లింగంపల్లి లాంటి చోట్ల అంటరాని కులాల పిల్లల కోసం బడులు మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో పాలన భాష ఉర్దూ. అలాంటి చోట ఆయన పిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పించారు. ఇంట్లో మాట్లాడే భాషలో అక్షరం దిద్దితే పిల్లవాడు బడి మానడన్నది ఆయన లెక్క.

ఈ బడులకు మొదట్లో రాజు డబ్బు లేదు. చందాలు అడిగారు. వామన్ నాయక్, కేశవరావు కొరట్కర్, రాయ్ బాలముకుంద్ లాంటి అగ్రవర్ణ సంస్కర్తలు తోడు నిలిచారు. 1930ల్లో ప్రభుత్వం వీటిని తన చేతిలోకి తీసుకునే నాటికి 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లలు ఉన్నారు. ఒక బడి నడపడానికి ఏమేం కావాలో ఒకసారి ఆలోచించండి: అద్దెకు గది ఇచ్చే మనిషి, మన పిల్లల్ని ముట్టుకుని పాఠం చెప్పే పంతులు, కూలికి పంపకుండా బడికి పంపే తల్లి. వీటిని ఇరవై ఆరు చోట్ల సమకూర్చి, రెండు దశాబ్దాలు నిలబెట్టారు. హైదరాబాద్‌లో తర్వాత తరం దళిత ఉద్యోగులు, కార్యకర్తలు ఎక్కడి నుంచి వచ్చారంటే సమాధానం ఈ బడుల దగ్గరే మొదలవుతుంది.

బెజవాడలో మారిన పేరు

1917 నవంబర్ 4 నుంచి మూడు రోజులు బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. గూడూరు రామచంద్రరావు లాంటివాళ్లు పూనుకుని ఏర్పాటు చేశారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ వెళ్లారు. ఊరికి అంతమంది అంటరానివాళ్లు వస్తున్నారని ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చెప్తారు.

అధ్యక్షుడిగా ఆయన చేసిన మొదటి పని సభ పేరునే ప్రశ్నించడం. పంచములు అన్న మాట మన మీద వేరేవాళ్లు వేసిన ముద్ర అని, ఈ నేల మొదటి మనుషులం మనమేనని వాదించారు. పంచమ మహాసభగా మొదలైన సభ ఆది ఆంధ్ర మహాజన సభగా ముగిసింది. ఆ పేరు కోస్తా జిల్లాల్లో ఊరూరా పాకింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ అన్న మాట తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను ఒప్పుకుంది. నిజాం రాజ్యంలో ఆది హిందూ పేరు కోసం ఆయన ఏళ్ల తరబడి అడిగారు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. లెక్కల్లో ఏ పేరున ఎక్కుతామన్నది చిన్న విషయం కాదని ఇవాళ కులగణన గురించి మాట్లాడుతున్న మనకు వేరే చెప్పనక్కర్లేదు.

1930లో లక్నోలో జరిగిన అఖిల భారత సభకు కూడా ఆయనే అధ్యక్షుడు. రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన కులాల తరఫున మాట్లాడాల్సింది అంబేడ్కరేనని ఆ సభ బలపరిచింది. తనకన్నా చిన్నవాడి నాయకత్వాన్ని సందేహం లేకుండా ముందుకు తోసిన పెద్దరికం అది.

ఒప్పుకోవాల్సిన సంగతులు

ఇష్టమైన నాయకుడి గురించి రాస్తున్నప్పుడు లోపాలు దాచాలనిపిస్తుంది. దాస్తే ఆయనకూ మనకూ మంచిది కాదు. జంతుబలి మాన్పించడం, మాంసం, మద్యం మాన్పించడం లాంటి ఆయన సంస్కరణల్లో అగ్రవర్ణ పద్ధతుల ఛాయ ఉంది. అంతకన్నా ముఖ్యం, ఆయన సంఘాల నాయకత్వంలో మాలల బలం ఎక్కువ. సికింద్రాబాద్ వైపు అరిగె రామస్వామి లాంటి నాయకులతో విభేదాలు వచ్చాయి, మాదిగలు అరుంధతీయుల పేరున వేరే సంఘం పెట్టుకున్నారు. ఆది హిందూ అన్న ఒక్క పేరు కింద అందరూ సమానంగా ఇమడలేకపోయారు. ఇవాళ వర్గీకరణ గురించి మాట్లాడేటప్పుడు ఈ చరిత్ర కూడా ముందుంచుకోవాలని మేము అనుకుంటాం.

అదే మనిషి 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టి, అందులో వెట్టి మాదిగ అనే కథ రాశారు. దొర దగ్గర వెట్టి చేసే మాదిగ మనిషి బతుకును తెలుగు కథలోకి తెచ్చిన తొలి రచనల్లో అదొకటి. సంస్థలో పూర్తిగా దాటలేని గీతను కథలో దాటే ప్రయత్నం చేశారని మాకు అనిపిస్తుంది.

హిందూ సంస్కరణతో మొదలైనా ఆయన అక్కడే ఉండిపోలేదు. 1913లోనే హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపారు. కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. అంబేడ్కర్ నాగపూర్‌లో దీక్ష తీసుకోవడానికి నలభై మూడేళ్ల ముందు మాట ఇది.

1906 నుంచి 1933 దాకా ఆయన 3,348 ఉపన్యాసాలు ఇచ్చారని ఆయన గురించి రాసినవాళ్లు లెక్క చెప్తారు. అంటే సగటున మూడు రోజులకొకటి. అంత తిరిగిన శరీరం ఎక్కువ కాలం నిలవలేదు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటి నిండకుండానే కన్నుమూశారు.

చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఆయన గుర్తుగా ఉంది. భవనం కన్నా పెద్ద గుర్తు ఇంకొకటి ఉంది: ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా వాడలోనే బడి పెట్టుకోవచ్చునన్న ధైర్యం. సర్కారు బడులు మూతపడుతుంటే, హాస్టల్ పిల్లలు స్కాలర్‌షిప్ కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంటే, ఆ ధైర్యం మనకు రెండు విధాలుగా కావాలి. రావాల్సిన హక్కు కోసం కొట్లాడటానికి ఒకటి, ఆ లోపల పిల్లల చదువు ఆగకుండా చూసుకోవడానికి ఇంకొకటి. భాగ్యరెడ్డి వర్మ ఈ రెండూ ఒకేసారి చేశారు. వచ్చే మే 22న దండ వేసే ముందు, మన వాడలో బడి మానేసిన పిల్లలు ఎంతమందో లెక్క రాసుకుని వెళ్దాం.

జై భీమ్.