వినబడిన మాట: చిత్తూరు నాగయ్యగారి జీవితము, వాచికము

అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెగలుగా విభజించిన మన లాక్షణికులు వాచికమునకు పెద్దపీట వేసిరి. నేటి చలనచిత్రములను గూర్చి ప్రేక్షకులు తరచుగా చేయు ఫిర్యాదు ఆ వాచికమునకు సంబంధించినదే. పాత్రల పెదవులు కదలుచుండును, వాద్యఘోష మిన్నుముట్టుచుండును, మాట మాత్రము చెవికి అందదు. తెలుగు చిత్రమును తెలుగువారే తెర అడుగున వచ్చు అక్షరములు చదువుకొనుచు చూచు సందర్భములు ఏర్పడినవి. అదే ప్రేక్షకుడు 1940 ప్రాంతపు చిత్రమును, గీతలు పడిన ప్రతిలోనైనను, మాట పోకుండ వినగలుగుచున్నాడు. ఇందులకు కారణము యంత్రమా, నటుడా, భాషయా? ఈ విచారమునకు చిత్తూరు నాగయ్యగారి జీవితము మిక్కిలి ఉపకరించును. ఆయన గొంతెత్తి గర్జించిన నటులు కారు. మెల్లగా, మృదువుగా పలికియు వినబడినవారు.

ఉప్పలదడియం నాగయ్యగారు 1904 మార్చి 28వ తేదీన రేపల్లెలో జన్మించిరి. అయినను వారి పేరునకు ముందు నిలిచినది పుట్టిన ఊరు కాదు, నటుని గావించిన ఊరు. చిత్తూరులోని రామవిలాస సభ నాటకములలో వారు ప్రసిద్ధి పొందిరి. సారంగధర నాటకమున వారు ధరించిన చిత్రాంగి వేషమును ఇక్కడ ప్రత్యేకముగా గుర్తింపవలెను. ధ్వనివర్ధకములు లేని ఆ కాలపు రంగస్థలముపై పురుషుడు స్త్రీపాత్రను ధరించినపుడు గొంతు సన్నగించవలెను, లాలిత్యము చూపవలెను; అయినను కడపటి వరుసలోని శ్రోతకు మాట చేరవలెను. బలముతో సాధింపరాని దానిని ఉచ్చారణతో సాధించుట ఆ పాత్ర నేర్పిన విద్య.

పాత రంగస్థలమంతయు స్పష్టతకు నిలయమని భ్రమపడ నవసరము లేదు. హార్మోనియము శ్రుతిపై పద్యమును సాగదీసి, రాగాలాపనలో పద్యార్థమును ముంచివేసిన నటులు తక్కువమంది కారు. ఆ ధోరణిని నిరసించిన బళ్ళారి రాఘవగారు (1880–1946) సహజమైన పలుకుబడిని ప్రతిష్ఠింప యత్నించిరి. సంగీతము మాటను మింగివేయుట చలనచిత్రముతో పుట్టిన దోషము కాదు. నాటకమునుండి సంక్రమించిన పాతరోగమే. నాగయ్యగారు గాయకులై యుండియు ఆ రోగమునకు లోనుగాకపోవుట వారి ప్రత్యేకత.

1932లో హెచ్. ఎం. రెడ్డిగారి భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట నేర్చినది. ఆ తొలిచిత్రములలో నటులు నాటకఫక్కిలోనే ఎలుగెత్తి పలికిరి. ఆరేండ్లకు, 1938లో, ఆ హెచ్. ఎం. రెడ్డిగారే తీసిన గృహలక్ష్మితో నాగయ్యగారు చిత్రసీమలో ప్రవేశించిరి. మరుసటి యేట బి. ఎన్. రెడ్డిగారు వాహినీ పక్షమున నిర్మించిన వందేమాతరములో కాంచనమాలతో కూడ నాయకపాత్ర ధరించిరి. సుమంగళి (1940), దేవత (1941) వారి కీర్తిని స్థిరపరచినవి. సుమంగళిలో వారు ధరించినది వయసు మీరిన సంఘసంస్కర్త పాత్ర. ముప్పదియారేండ్ల నటుడు వార్ధక్యమును గడ్డముతో కంటె గొంతుతో ఎక్కువగా చూపిరి. శ్వాస చాలని ముదుసలి వాక్యమును విరిచి విరిచి పలుకును గాని, పదమును విరువడు. ఈ భేదము నేటి నటులలో ఎందరికి తెలియునో సందేహమే.

యుద్ధకాలమున కె. వి. రెడ్డిగారు తమ తొలి దర్శకత్వమున తీసిన భక్త పోతన ఈ దృష్టితో పరిశీలింపదగినది. సముద్రాల రాఘవాచార్యులవారి సంభాషణలు. శ్రీనాథునిగా జంధ్యాల గౌరీనాథశాస్త్రిగారు, పోతనగా నాగయ్యగారు. ఒకరిది రాజాస్థానమునకు తగిన గంభీరనాదము. వేరొకరిది పొలము గట్టున కూర్చుండి మాటాడు నెమ్మది. ఇరువురును ఒకే దృశ్యమున పలుకునపుడు తగ్గుస్వరము హెచ్చుస్వరమునకు లొంగిపోవలెను గదా! అట్లు జరుగలేదు. నాగయ్యగారు పదాంతమును మ్రింగరు. మన భాషలో ఈ విషయము సామాన్యమైనది కాదు. తెలుగు వాక్యమున క్రియ తుదిని వచ్చును. కాలము, పురుష, వచనము, నిషేధము అన్నియు ఆ తుదిపదములోనే యిమిడియుండును. చెప్పగలడు అనుటకును చెప్పలేడు అనుటకును నడుమనున్న తేడా ఒక చిన్నభాగము. మాటాడువాడు వాక్యము ముగియుచుండగా గొంతు దించివేసినచో కర్త, కర్మ వినబడి క్రియ పోవును. ఇంగ్లీషు వాక్యమున క్రియ ముందే వచ్చును గనుక వాక్యాంతము కొంత జారినను భావము నిలుచును. పాశ్చాత్యనటుల గొణుగుడును సహజత్వమని అనుకరించిన మనవారు ఈ నిర్మాణభేదమును గమనింపలేదు. ద్విత్వమును అట్టిదే: గడి, గడ్డి అను రెంటి నడుమ గల తేడా హల్లుపై ఒక లిప్త నిలుచుటయే. నాగయ్యగారు నిదానముగా పలుకుటను కొందరు పరిహసించెడివారు. ఆ నిదానము ఒత్తులకును దీర్ఘములకును చోటిచ్చిన నిదానము.

యంత్రమునకు చెందవలసిన కీర్తిని యంత్రమున కీయవలెను. నాడు ధ్వనిని చిత్రఫలకము అంచున వెలుతురు రేఖగా ముద్రించెడివారు. ప్రదర్శనశాలలో ఆ రేఖనుండి సెకనుకు సుమారు 8,000 కంపనములకు పైబడిన ధ్వనులు సరిగా పలుకవు. మరీ తగ్గుధ్వని ఫలకపు బుసబుసలో కలిసిపోవును; మరీ హెచ్చుధ్వని బ్రద్దలగును. కనుక ధ్వనిముద్రకుడు మాటను ఈ రెంటికి నడుమ, ఇరుకైన దారిలో నడిపింపవలసి యుండెను; నేపథ్యవాద్యమును మాట వచ్చినపుడెల్ల తగ్గింపవలసి యుండెను. హల్లులను గుర్తించుటకు ముఖ్యముగా కావలసినవి 2,000 నుండి 4,000 వరకు గల కంపనములు. అవి ఆ ఇరుకుదారిలో భద్రముగా పట్టినవి. యంత్రపు పేదరికమే మాటకు రక్షణ యైనది. పైగా మాటను నటన జరుగుచుండగనే, మూయబడిన స్టూడియోలో, తలపై వ్రేలాడు మైకుతో గ్రహించెడివారు. నటుడు మైకు ఎచట నున్నదో ఎరిగి పలుకవలెను. నాగయ్యగారి మృదుభాషణమునకు మైకు చేసిన మేలు గొప్పది: రంగస్థలముపై కడపటి వరుసకు పంపవలసిన మాటను ఇపుడు నాలుగడుగుల దూరమునకు పంపిన చాలును. చాలమంది రంగస్థలనటులకు ఈ సంగతి చాలకాలమునకు గాని తెలియలేదు. నాగయ్యగారికి తొందరలోనే తెలిసినది.

1945లో స్వర్గసీమ వెలువడినది. అదే యేట తమిళమున ఎల్లిస్ ఆర్. డంగన్ దర్శకత్వమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు నటించిన మీరాలో నాగయ్యగారు రాణాగా నటించిరి. 1946లో తామే దర్శకులై, సంగీతకర్తయై, నటులై త్యాగయ్యను నిర్మించిరి, 1947లో కె. వి. రెడ్డిగారి యోగి వేమన వచ్చినది. 1950లో విక్టర్ హ్యూగో నవల ఆధారముగా తెలుగున బీదలపాట్లుగాను తమిళమునను వెలువడిన చిత్రములో రెండు భాషలందును ఆయనయే నాయకులు. పోతన, త్యాగయ్య, వేమన మూడు పాత్రలును భాషలో జీవించినవారివి కావున వాచికము చెడినచో పాత్రయే లేదు. వేమనలో, ప్రేమించిన అన్నకూతురు మరణించిన పిమ్మట, ఆయన పలుకు దాదాపు ఊపిరి అంత సన్నగిల్లును. వాద్యములు అచట అడ్డురావు. గద్గదమైన గొంతుతో వచ్చిన ఆ మాటలను ఈనాడును తడుముకొనకుండ వ్రాసికొనవచ్చును.

తరువాత వచ్చిన మార్పులు క్రమముగా వచ్చినవి. కెమెరా స్టూడియో వదలి ఆరుబయలికి పోయినది. అచటి రొదలో గ్రహించిన మాట పనికిరాక, చిత్రీకరణానంతరము డబ్బింగ్ గదిలో మరల పలికించుట వాడుకైనది. తెలుగు రాని నటీనటులు పెరుగగా ముఖమొకరిది, మాట యొకరిది అయినది. డబ్బింగ్ కళాకారులలో ఉత్తములున్నారు. కాని తెరపైని పెదవి కదలికకు సరిపడునట్లు మాటను కుదించుటలో దీర్ఘములును ద్విత్వములును తఱచు బలియగుచున్నవి. 1990ల నుండి బహుమార్గ సంఖ్యాత్మకధ్వని వచ్చినది. అందు మాట సామాన్యముగా నడిమి స్పీకరునుండి వచ్చును. సంగీతము, ప్రేలుళ్ళు నలువైపులనుండియు వచ్చును. ప్రేలుడు భరింపలేక ప్రదర్శనశాలవారు ధ్వనిని తగ్గించినచో మాటయు తగ్గును. ఇంటిలో సన్నని టెలివిజను వెనుకవైపునకో నేలవైపునకో తిరిగిన చిన్న స్పీకర్లలో ఆ మార్గములన్నియు కుదించబడును. ధ్వనుల మేళవింపు చేయువారు ఆ సంభాషణను అనేక పర్యాయములు వినియుందురు. వారి చెవి విననిదానిని వారి జ్ఞాపకము పూరించును. తొలిసారి వినువానికి ఆ సౌకర్యము లేదు. చోటు పెరిగిన కొలది మాటకు చోటు తగ్గినది.

నాగయ్యగారి ఉత్తరజీవితము సుఖముగా సాగలేదు. దానశీలము, స్వీయనిర్మాణములలో వచ్చిన నష్టములు వారిని కృంగదీసినవి. 1953లో నా ఇల్లు, 1964లో భక్త రామదాసు వారి దర్శకత్వమున వెలువడినవి. 1965లో పద్మశ్రీ లభించినది. నాయకపాత్రలు పోయి తండ్రి, సాధువు, గురువు వంటి చిన్నవేషములు మిగిలినవి. ఒకనాడు చిత్రమంతయు మోసిన గొంతు రెండు మూడు దృశ్యములకు పరిమితమైనది. 1973 డిసెంబరు 30న మద్రాసులో పరమపదించిరి. త్యాగరాయనగరమున పానగల్ పార్కులో వారి విగ్రహము కలదు.

వారి చిత్రములు ఇరువదవ శతాబ్ది తొలిసగపు తెలుగు ఉచ్చారణకు మనకు గల కొలది ప్రత్యక్షసాక్ష్యములలో చేరినవి. వీనిని నేడు కంప్యూటరు సాయమున శుభ్రపరచుచున్నారు. ఇందొక ప్రమాదము కలదు. ఫలకపు బుసబుసయు, శ, ష, స అను ఊష్మములును, చకారపు స్పర్శాంతమును ఇంచుమించు ఒకే ఎత్తు కంపనములలో ఉండును. బుసను పూర్తిగా తీసివేయ బూనినచో పోతన పలికిన ఊష్మములును దానితో పోవును. కనుక శుద్ధిచేసిన ప్రతితో పాటు శుద్ధి చేయని మూలధ్వనిని గూడ విడిగా భద్రపరచి, ఉచ్చారణ పరిశోధకులకు ఆ రెండవదానినే అందుబాటులో నుంచవలెను.