భాగ్యరెడ్డివర్మ

భాగ్యరెడ్డివర్మ (మే 22, 1888 - ఫిబ్రవరి 18, 1939) హైదరాబాదు సంస్థానంలో దళితోద్యమానికి పునాది వేసిన సంఘసంస్కర్త. జోగిని దురాచారంపై పోరాడిన తొలితరం నాయకులలో ఒకడు.

జీవితం

ఈయన హైదరాబాదులో మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు జన్మించాడు. అసలు పేరు మాదరి భాగయ్య. ఆర్యసమాజం 'వర్మ' బిరుదునిచ్చింది. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల ద్వారా దళితవాడలలో ప్రచారం చేశాడు. 1911లో అది మన్యసంఘంగా మారింది. దళిత బాలబాలికలకు పాఠశాలలు నెలకొల్పాడు. 1917లో విజయవాడలో జరిగిన ఆంధ్ర పంచమ మహాసభకు అధ్యక్షత వహించాడు. పంచములు ఆదిఆంధ్రులన్న వాదం అక్కడి నుండే బలపడింది.

జోగిని వ్యతిరేక పోరాటం

దళిత బాలికకు ఎల్లమ్మ, పోచమ్మ వంటి గ్రామదేవత పేరిట పెళ్ళి జరిపి, ఆపై ఊరి పెత్తందార్ల వశం చేయడమే జోగిని ఆచారం. ఆమెకు సంసారం ఉండదు, పిల్లలకు తండ్రి పేరు ఉండదు. దేవత పేరు చాటున సాగినందున బాధిత కుటుంబాలు సైతం దీనిని విధిగా భావించేవి. అందువలన భాగ్యరెడ్డివర్మ దళితవాడలలోనే ఈ ఆచారాన్ని మాన్పించడానికి పూనుకున్నాడు. బాల్యవివాహాలు, జంతుబలులు, మద్యపానాలను కూడా వ్యతిరేకించాడు.

అనంతర కాలం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలు ఉన్న పూర్వపు కరీంనగర్ జిల్లాలోను, నిజామాబాదు, మహబూబ్ నగర్ జిల్లాలలోను ఈ ఆచారం ఆయన తరువాత కూడా కొనసాగింది. ఆయన మరణించిన 49 ఏళ్ళకు, 1988లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీనిని నిషేధిస్తూ చట్టం చేసింది.