దిచ్‌పల్లి డాక్టరమ్మ

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో దిచ్‌పల్లి వస్తుంది. ఆ పేరు వినగానే మన పెద్దవాళ్లకు గుర్తుకొచ్చేది కుష్ఠురోగుల ఆస్పత్రి. దాన్ని నిలబెట్టిన ఇసబెల్ కెర్ గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఈమధ్య ఆమె జీవితం నాకు పదే పదే గుర్తొస్తోంది. మేం ఒక బిడ్డను దత్తత తీసుకోబోతున్నాం. కాళ్లు లోపలికి తిరిగి, వంకర పాదాలతో పుట్టిన బిడ్డయినా సరేనని దరఖాస్తులో రాశాం.

ఇసబెల్ 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టింది. ఆడపిల్ల డాక్టరు చదవడమే వింతగా చూసే రోజులవి. అబర్దీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో పట్టా పుచ్చుకుంది. ఆ ఏడాదే జార్జ్ కెర్‌ను పెళ్లాడింది. 1907లో ఇద్దరూ నిజాం రాజ్యానికి వచ్చి, వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజామాబాద్‌లో పనికి దిగారు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కూడా లేని కాలం.

కుష్ఠు ఒక క్రిమి వల్ల వస్తుందని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. అయినా జనం దాన్ని పూర్వజన్మ పాపమనే అనుకునేవారు. మచ్చ కనబడితే కన్నవాళ్లే గడప దాటించేవారు. అలాంటివాళ్లను చూసి జాలిపడినవాళ్లు అంతకుముందూ ఉన్నారు. ఇసబెల్ జాలి దగ్గర ఆగలేదు. 1911లో వాళ్లకోసం నిజామాబాద్‌లో ఒక కేంద్రం తెరిచింది. రోగులు పెరిగారు, చోటు చాలలేదు. రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చారు. ఆయన హిందువు, ఈమె క్రైస్తవ మిషనరీ. ఆ తేడా అడ్డు రాలేదు. 1915లో దిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. ఆమె ఇక్కడ అడుగుపెట్టిన ఎనిమిదేళ్లకన్న మాట!

అప్పట్లో ఉన్న మందు నీరడి గింజల నూనె. దాన్ని సూదిమందుగా, నెలల తరబడి ఇచ్చేవారు. సూది నొప్పి రోగికి, ఓపిక డాక్టరుకు. జబ్బు మొదట్లోనే వచ్చినవాళ్లకు కొంత మేలు చేసేది గానీ అది పూర్తి మందు కాదు. కుష్ఠును నయంచేసే బహుళ ఔషధ చికిత్స 1980లలో గానీ రాలేదు. ఆ అరకొర మందుతోనే ఆమె పని సాగించింది. 1923లో భార్యాభర్తలిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె కన్నుమూసింది.

ఈ కథలో నాకు పనికొచ్చింది ఆ ఎనిమిదేళ్లు. మనసు ఒక్క క్షణంలో కరుగుతుంది. మందు, చోటు, డబ్బు, తోడు సమకూర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

మా సంగతీ అంతే. దరఖాస్తు పెట్టగానే సోషల్ వర్కర్ ఇంటికొచ్చి ఆదాయం నుంచి స్నానాలగది దాకా అన్నీ చూసి రిపోర్టు రాసింది. బిడ్డ వైద్య నివేదికను మనకు నమ్మకమున్న డాక్టరుకు చూపించుకోవచ్చట. అందుకని నేను ముందే ఒక ఎముకల డాక్టరును కలిశాను. వారానికోసారి పిండికట్టు మార్చాలి. మామూలుగా ఐదారు కట్లు పడతాయి. చాలామందికి మడమ వెనక చిన్న కోత పెడతారు. తర్వాత రెండు పాదాలకు బూట్లు బిగించిన పట్టీ, మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా నిద్రలో. బిడ్డ ఏడుస్తోందని పట్టీ విప్పేస్తే పాదం మళ్లీ తిరుగుతుందట. అందుకే మా ఆయన రాత్రి వంతు తనదన్నారు. నెలనెలా కొంత డబ్బు విడిగా వేస్తున్నాం.

మా అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. ఎవరి పాపమో మనమెందుకు మొయ్యాలంది. వాదించి లాభం లేదని ఆవిడనూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇది గ్రహణం వల్లో, పాపం వల్లో వచ్చేది కాదని, చిన్నప్పుడే సరిచేస్తే అందరిలాగే నడుస్తారని ఆయన విడమరచి చెప్పాడు. బస్సులో వస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇప్పుడు పాత నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తోంది. పట్టీ మీదుగా తొడగడానికి వీలుగా గౌన్లు వదులుగా కుట్టమని చెప్పాను. కొలతలడిగింది.