అక్షరశిల్పి పాల్ రెన్నర్

గ్రంథాలయమున పుస్తకము తెరచువారు కవిని తలతురు, కథను తలతురు. ఆ యక్షరమునకు రూపు దిద్దినవానిని తలచువారు మిక్కిలి అరుదు. అట్టివాని నొకని చరిత్రము ఈ రజతోత్సవ సంచికలో విన్నవింప దలచితిని.

పాల్ రెన్నర్ 1878వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన జర్మనీ దేశమందలి వెర్నిగెరోడ్ పట్టణమున జన్మించెను. చిత్రలేఖనము నభ్యసించి, 1907 మొదలు మ్యూనిక్ నగరమున నొక ప్రచురణకర్త కడ పుస్తకముల రూపకల్పన చేయుచుండెను. ఆ దినములలో జర్మనులు తమ గ్రంథములను పెక్కింటిని ఫ్రాక్టూర్ అను కోణములు, విరుపులు గల లిపిలో ముద్రించుచుండిరి. రెన్నర్ వృత్తము, త్రికోణము, చతురస్రము ఆధారముగా 1924లో నూతనాక్షరములు గీయ నారంభించెను. పెద్దక్షరములకు ప్రాచీన రోమక శిలాశాసనముల కొలతలే ఒరవడి. 1927లో ఫ్రాంక్‌ఫర్టులోని బవర్ టైపు ఫౌండ్రీ వీనిని ఫ్యూచురా అను పేర వెలువరించెను.

చూపరులకు ఇవి వృత్తలేఖినితోను, కొలబద్దతోను గీసినట్లే తోచును. కాని నిలువుగీత గుండ్రముతో కలియుచోట మందము తగ్గింపనిచో అచట సిరా ముద్దకట్టినట్లు నల్లగా కనబడును; కావున ఆ చోట రేఖను సన్నము చేసెను. గుండ్రని యక్షరము పొట్టిగా కనబడకుండుటకై దానిని పంక్తి కించుక దాటించెను. కొలతకు సరిపోవుట వేరు, కంటికి సరిపోవుట వేరు. దినదినము లెక్కపుస్తకములతో కాలము గడపు నాబోటివానికి ఈ మర్మము మిక్కిలి నచ్చినది.

1927లోనే ఈయన మ్యూనిక్ ముద్రణ విద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. నాజీలు నవీనకళను దేశద్రోహమని దూషించుచుండగా, 1932లో దానిని ఖండించుచు చిన్న గ్రంథమును స్విట్జర్లాండు నందలి జ్యూరిక్ నగరమున ప్రకటించెను. ఉద్యోగస్థునకు ఎంత తెగువ! మరుసటి సంవత్సరము నాజీలు అధికారమునకు రాగానే ఆయనను నిర్బంధించిరి. విడుదల త్వరలోనే కలిగెను గాని పదవి పోయెను. చిత్రమేమనగా, స్వజాతి లిపియని తొల్లి కొనియాడిన ఫ్రాక్టూరును 1941లో ఆ ప్రభుత్వమే యూదుల యక్షరములని నిందించి నిషేధించినది!

పిదప రెన్నర్ చిత్రలేఖనమునను, ముద్రణకళను గూర్చిన రచనలయందును కాలము పుచ్చి, 1956 ఏప్రిల్ 25వ తేదీన కాన్‌స్టెన్స్ సరస్సు ప్రాంతమున హోడింగెన్ గ్రామమందు మరణించెను. నేడు చేతిఫోనుల తెరలపై మనము చూచు విశాలమైన గుండ్రని యాంగ్లాక్షరము లనేకము ఫ్యూచురా వంశమునకు చెందినవే. 1969 జూలైలో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై విడిచివచ్చిన లోహఫలకము మీద చెక్కిన యక్షరములును ఫ్యూచురాయే. ఆ ఫలకము నేటికిని అచటనే యున్నది.